చాట్‌బాట్‌ను ప్రశ్న అడిగేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త

చాట్‌జీపీటీ, జెమినై వంటి చాట్‌బాట్‌లు ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కకట్టి వాక్యాన్ని అల్లుతాయి. అది నిజమా కాదా అన్న పట్టింపు ఆ లెక్కలో నేరుగా ఉండదు కాబట్టి, ఒప్పు చెప్పినా తప్పు చెప్పినా వాటి ధీమా ఒకే తీరుగా వినిపిస్తుంది. అందువల్ల మీరు అనుకుంటున్న జవాబును ప్రశ్నలోనే ఇమిడ్చి అడగకండి. ‘పిల్లలమర్రి గుడి మహబూబ్‌నగర్‌లోనే ఉంది కదా?’ అని అడిగితే, మన మాటకు తలూపే గుణం వాటికి ఎక్కువ గనుక, మహబూబ్‌నగర్ దగ్గరి ‘పిల్లలమర్రి’ అనే మహా మర్రిచెట్టునూ, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గ్రామంలో ఉన్న కాకతీయుల కాలం నాటి ఎరకేశ్వరాలయాన్నీ కలిపేసి చెప్పే ప్రమాదం ఉంది. ‘పిల్లలమర్రి అనే పేరుతో ఏయే చోట్లు ఉన్నాయి, ఎక్కడ ఏముంది?’ అని అడగండి. అదే ప్రశ్నను కొత్త సంభాషణ తెరిచి మరోసారి వేయండి. రెండు జవాబులు పొసగకపోతే దేన్నీ నమ్మకండి. పొసగినా అంతటితో సరిపెట్టుకోకుండా ఆధారం అడిగి, ఇచ్చిన లింకును స్వయంగా తెరిచి చదవండి, ఎందుకంటే లేని పుస్తకాల పేర్లను సైతం అవి నమ్మకంగా చెప్పగలవు. పత్తికి కొట్టే మందు మోతాదు, భూమి పట్టా, పసిపిల్లల జ్వరం వంటి విషయాల్లో మాత్రం వ్యవసాయ విస్తరణ అధికారినో, తహసీల్దారు కార్యాలయాన్నో, డాక్టరునో అడిగిన తర్వాతే ముందుకు వెళ్లండి.