రోళ్లు పగిలే ఎండలకు ముందే: పాత అంబాసిడర్ హెడ్ గ్యాస్కెట్ పరీక్షలు, జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలాఖరున రెంటచింతల వైపో రామగుండం వైపో పాత అంబాసిడర్ తోలినవాళ్లకి ఆ మాట ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. ఏడాదంతా షెడ్డులో ఉన్న బండికి పెళ్లిళ్ల పేరుతో ఒక్కసారిగా పని పడేది కూడా అప్పుడే. అందుకే కింద చెప్పే పరీక్షలు ఫాల్గుణంలోనే, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా చేసుకోండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. బండి హీటెక్కిందనగానే హెడ్ (సిలిండర్ల మీది మూత) దించనివ్వకండి. మా నాన్నగారి 1984 మోడల్ బండి ఊరు దాటితే చాలు, హీట్ ముల్లు పైకి పోయేది. మెకానిక్ చూస్తూనే గ్యాస్కెట్ (హెడ్‌కీ కింది ఇంజన్ బ్లాక్‌కీ మధ్య సందు మూసే పలుచటి రేకు) కొట్టేసిందన్నాడు. హెడ్ దించాం. గ్యాస్కెట్ శుభ్రంగా ఉంది. అసలు రోగం రేడియేటర్‌లో ఉంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోయడంతో సున్నం పేరుకుని సగం గొట్టాలు పూడిపోయాయి. ఆ హడావుడిలో హెడ్‌ని బిగించే, తుప్పు పట్టిన స్టడ్ (మరచుట్ల కడ్డీ) ఒకటి విరిగింది. దాన్ని తీయించడానికి పట్టిన రెండు రోజులూ నాన్నగారు షెడ్డు వైపు రాలేదు.

కాబట్టి తేలికైనవి ముందు చూడండి. ఫ్యాన్ బెల్టు వదులుగా ఉందా? థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) తెరుచుకుంటోందా? వేడి నీళ్లలో వేస్తే తెలిసిపోతుంది. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) వెనక్కి జరిగినా ఇంజన్ కాగుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతూ, కింద ఎక్కడా చుక్క కనబడకపోతే అప్పుడు గ్యాస్కెట్‌ని అనుమానించాలి.

ఆయిల్ పోసే మూత కింద పాలమీగడలాంటి నురగ కనబడితే చాలామంది గుండెలు బాదుకుంటారు. చలికాలంలో కొద్ది దూరాలే తిరిగే బండికి చెమ్మ చేరి కూడా అలా పడుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. దాని మీదా ఆయిల్ కాఫీ రంగులోకి తిరిగి, మట్టం పెరిగి ఉంటే నీళ్లు కలిసినట్టే. అది గ్యాస్కెట్ కావచ్చు, హెడ్‌లో పగులూ కావచ్చు. ఏదైనా ఇక ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. బేరింగులు పోతాయి. పొద్దున తెల్లపొగ వస్తే అదీ అంతే: కాసేపటికి ఆగిపోతే చెమ్మ, వేడెక్కాక కూడా ఆగకుండా వస్తే జబ్బు.

నాకు బాగా నమ్మకమైన పరీక్ష బుడగలది. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ఫ్యాన్ బెల్టు తీసేయండి. అప్పుడు నీళ్ల పంపు తిరగదు కాబట్టి అది రేపే బుడగలు ఉండవు, ఫ్యాన్ కూడా తిరగదు కాబట్టి చెయ్యి భద్రం. వీలైతే థర్మోస్టాట్ కూడా తీసేయండి. రేడియేటర్‌ని మూతిదాకా నింపి, మూత తీసే ఉంచి, స్టార్ట్ చేయించండి. కళ్లద్దాలు పెట్టుకుని కాస్త పక్కనుంచి చూడండి. మొదట్లో ఒకటి రెండు బుడగలు వస్తే అవి లోపల ఇరుక్కున్న గాలివి. నీళ్లు మళ్లీ అద్దంలా నిలిస్తే భయం లేదు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కినప్పుడల్లా అన్నం ఉడికినట్టు వరసగా బుడగలు లేస్తుంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి వస్తున్నట్టు. నిమిషం చాలు, ఇంజన్ ఆపేయండి. నీలం ద్రావకం వేసిన టెస్టర్ దొరికితే ఇంకా మంచిది. ఆ గ్యాస్ తగిలితే నీలం పసుపులోకి మారుతుంది.

బుడగలు రాకపోయినా మిస్సింగ్ కొడుతుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూడాలి. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో రెండు, మూడు సిలిండర్ల పొగ బయటికి పోయే దారి ఒక్కటే. ఆ మధ్యభాగం బాగా కాగుతుంది, అక్కడ గ్యాస్కెట్ సన్నటి పట్టీలా ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉండాలి. ఇంజన్ వేడెక్కించి ఆపండి. కాయిల్ వైరు పీకేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. ఒకటీ నాలుగూ 130 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఉండి, రెండూ మూడూ 70 దగ్గరే ఆగిపోతే ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ తెగిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఒక్క సిలిండరే తక్కువుంటే చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే పిస్టన్ రింగుల సమస్య. తీసిన ప్లగ్గుల్లో ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. అలాంటి బండి రాత్రంతా ఆగి ఉంటే, ప్లగ్గులు తీయకుండా పొద్దున సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్ నిండా నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇంత చూశాకా హెడ్ దించాల్సిందేనని తేలితే పాత గ్యాస్కెట్‌తో జాగ్రత్త. అప్పటివాటిలో రాగి రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ ఉండేది. పొడిగా గీకడం, వైరు బ్రష్ పెట్టడం, ఎయిర్ కొట్టడం వద్దే వద్దు. నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకుని తీసి, కవర్లో కట్టేయండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత బయటపడుతుంది. షెడ్డులో పనిచేసే కుర్రాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి. దింపిన కూలెంట్‌ని గిన్నెలో వదిలేయొద్దు. కుక్కలూ పిల్లులూ తాగుతాయి, అది విషం.

ఉత్తరపారాలో ఈ బండ్ల తయారీ 2014లో ఆగిపోయింది. షాపులో ఏళ్లుగా పడి ఉండి మడతపడ్డ గ్యాస్కెట్ ఊరికే ఇచ్చినా తీసుకోకండి. హెడ్ సమంగా ఉందో లేదో స్టీలు పట్టీ పెట్టి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు)తో చూశాకే ఫేసింగ్ (మిషన్ మీద హెడ్ చదును చేయించడం) సంగతి. ప్రీమియర్ పద్మిని కారుది అల్యూమినియం హెడ్, అంబాసిడర్ పోతయినుము కంటే తొందరగా వంగుతుంది. నట్లు మధ్యనుంచి అంచులకు, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి)తో, విడతలుగా బిగించాలి. కొన్నాళ్లు తిరిగాక మాన్యువల్ చెప్పినట్టు మళ్లీ బిగించి, ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచూసుకోవాలి.

ఇంత చేసినా దారిలో ముల్లు పైకి లేస్తే ఏ చెట్టు కిందో ఆపి, ఇంజన్ కట్టేసి, బానెట్ తెరవండి. బిందెడు చన్నీళ్లు కాగిన ఇంజన్ మీద పోయొద్దు, హెడ్ పగులుతుంది. 7 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత ఉంటే లోపలి నీళ్లు 110 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉంటాయి. మూత తిప్పగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. రేడియేటర్ పై ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగేదాకా మూత జోలికి పోవద్దు, పెళ్లివారు ఎంత తొందరపెట్టినా సరే.