అతుక్కోవడానికి ఇంగ్లీషులో ఏ మాట ఎప్పుడు వాడాలి?

దోసె పెనానికి అంటుకున్నా, తడిసిన చొక్కా ఒంటికి అతుక్కున్నా, డబ్బాలో ఉప్పు గడ్డకట్టినా ఇంగ్లీషులో 'స్టిక్' అనేసి గట్టెక్కుతాం. ఎదుటివాళ్లకి అర్థమవుతుంది, నిజమే. ఆఫీసు మెయిల్లోనో, డాక్టర్ దగ్గరో మాత్రం సరైన మాట దొరక్కపోతే ఇబ్బందే. తెలుగు క్రియను పట్టుకుని దానికి సరిపోయే ఇంగ్లీషు మాట కోసం వెతక్కండి. ఆ వస్తువును ఏది పట్టి ఉంచుతోందో చూడండి.

ముందుగా, అక్కడ జిగురు ఉందా? ఉంటే స్టిక్. 'ద దోసా స్టక్ టు ద పాన్.' జరిగిపోయినదానికి స్టక్ అనాలి, 'స్టిక్‌డ్' అనే మాట లేదు. పనసపండు వలిచిన చేతులు స్టికీ. జిగురేమీ లేకుండా తడి వల్లో, బిగుతు వల్లో వదలకుండా ఉంటే క్లింగ్. వానలో తడిసిన చీర ఒంటికి క్లింగ్ అవుతుంది. డ్రయ్యర్లోంచి తీసిన బట్టలు ఒకదాన్నొకటి వదలకపోతే అమెరికాలో స్టాటిక్ క్లింగ్ అంటారు. అమ్మ కొంగు వదలని పిల్లాడికీ క్లింగ్ అనే మాటే. భూతకాలం క్లంగ్. పెద్దవాళ్లను మాత్రం 'క్లింగీ' అనకండి, అందులో విసుగు వినిపిస్తుంది.

తర్వాత, అతుక్కున్నవి రెండు వేర్వేరు వస్తువులా, ఒకే పదార్థమా? ఒకే పదార్థమైతే స్టిక్ సరిపోదు. వానాకాలం ఉప్పు గడ్డకడితే క్లంప్. ఉప్మాలో ఉండలు లంప్స్. రక్తం గడ్డకడితే క్లాట్. చల్లారిన మాంసం కూర మీద కొవ్వు పేరుకుంటే కంజీల్. పెరుగు తోడుకుంటే మాత్రం 'ద కర్డ్ హాజ్ సెట్' అంటే చాలు. చెప్పుల మీద బురద ఎండి పెచ్చుకడితే 'కేక్‌డ్ విత్ మడ్'. అన్నం మెత్తగా ముద్దయితే మషీ అనండి. 'స్టికీ రైస్' అంటే థాయిలాండ్, లావోస్ వాళ్లు తినే బంక బియ్యం అనుకుంటారు.

సైన్సు పుస్తకంలో ఇదే తేడా కోహిజన్, అడ్‌హిజన్ అనే పేర్లతో కనిపిస్తుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడం కోహిజన్, గాజు గోడను పట్టుకోవడం అడ్‌హిజన్. సన్నటి గాజు గొట్టంలో నీరు అంచుల దగ్గర పైకి పాకేది అందుకే. పాదరసానికి తనలో తనకున్న పట్టే ఎక్కువ కాబట్టి మధ్యలో ఉబ్బుతుంది.

ఇక, ఎక్కడ రాస్తున్నారో చూసుకోండి. స్టిక్‌కి పెద్దమనిషి తరహా రూపం అడ్‌హియర్. 'అడ్‌హియర్ టు ద రూల్స్' అంటే రూల్స్ తప్పకుండా పాటించడం. దీని నుంచి పుట్టిన రెండు నామవాచకాలతో జాగ్రత్త. మందులు వేళకి వేసుకోవడం అడ్‌హియరెన్స్. పొట్ట ఆపరేషన్ తర్వాత లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటే రిపోర్టులో రాసేది అడ్‌హిజన్స్. ఎపాక్సీ లాంటి గట్టి జిగురుతో విడదీయలేనంత గట్టిగా అతికిస్తే బాండ్.

పక్కన వచ్చే చిన్న మాటను కూడా వదిలేయకండి. 'స్టిక్ టు ద ప్లాన్' అంటే అనుకున్నదాని మీదే నిలబడటం, 'స్టిక్ విత్ మి' అంటే నా వెంటే ఉండమని. 'స్టక్ ఇన్ ట్రాఫిక్'లో జిగురు లేదు, ఇరుక్కుపోవడమే. వానకి ఉబ్బి పట్టేసిన తలుపు కూడా స్టక్కే.

దరఖాస్తు ఫారాల్లో 'అఫిక్స్ ఫొటోగ్రాఫ్' అని ఉంటే ఆ గడిలో ఫొటో అంటించమని. 'పేస్ట్, డు నాట్ స్టేపుల్' అంటే గమ్ తోనే అంటించాలి, పిన్ను కొట్టకూడదు. గోడల మీద కనిపించే 'స్టిక్ నో బిల్స్'లో బిల్లులంటే కరెంటు బిల్లులు కావు, పోస్టర్లు.