హార్బర్లో ఎరకి స్క్విడ్ పట్టేది ఎట్ల: తిరుపతి నుంచి పోయే వాళ్ళ కోసం

మన తిరుపతి సైడ్ నుంచి సముద్రానికి పోయే వాళ్ళు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై పోతారు, లేదంటే నాయుడుపేట, గూడూరు దాటి కృష్ణపట్నం వైపు పోతారు, ఎరకి మాత్రం ఐస్‌లో పెట్టిన రొయ్యలు కొనేసి పోతారు. రొయ్య మెత్తన అన్నా, రెండుసార్లు విసిరితే గాలం నుంచి ఊడిపోతాది, మిగిలింది చిన్న చేపలు కొరికేస్తాయి. స్క్విడ్ అంటే పొడుగు చేతులుండి సిరా చిమ్మే సముద్రం జీవి, దాని కండ గట్టిగా సాగతాది, గాలానికి పట్టుకోనుంటాది, పండుగప్ప, గ్రూపర్ లాంటి పెద్ద చేపలు కూడా దాన్ని బాగా తీసుకుంటాయి. అందుకే పొద్దు మునిగినాక మొదటి గంటా రెండు గంటలు స్క్విడ్‌కే ఇచ్చేయండి, అసలు వేట ఆ తర్వాత.

పెద్ద పోర్టుల జెట్టీల మీదికి మనల్ని రానివ్వరు, ఆ ఆశ పెట్టుకోవద్దు. చెన్నైలోని కాశిమేడు లాంటి ఫిషింగ్ హార్బర్‌లో అయితే పడవలు తిరగని చోటు ఏదో అక్కడి వాళ్ళని అడిగి నిలబడండి, స్క్విడ్‌ని అక్కడ కణవా అంటారు, ఆ పేరుతో అడిగితే ఎవురైనా చెప్తారు. అన్నిటికన్నా మంచిది లోకల్ చిన్న పడవ మాట్లాడుకునేది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ పడవల వేటకి నిషేధం ఉంటాది, అప్పుడు పడవ ప్లాన్ పెట్టుకోవద్దు. ఇంకోటి, స్క్విడ్‌కి ఉప్పు తగ్గిన నీళ్ళు పడవు. అక్టోబర్, నవంబర్‌లో పెద్ద వానలు పడి ఏటి నీళ్ళు ఎర్రగా వచ్చి కలిసినప్పుడు అది ఒడ్డు పక్కన ఉండదు, సంక్రాంతి దాటి నీళ్ళు తేటపడినాక చూడండి.

సామాన్లు ఎక్కువేం వద్దు. ఏడెనిమిది అడుగుల తేలికైన రాడ్, 2500 సైజ్ రీల్, సన్న బ్రెయిడ్ (అల్లిన దారం), దాని కొసకి ఫ్లోరోకార్బన్ లీడర్ (జిగ్‌కి ముందు కట్టే విడి దారం ముక్క), రొయ్య ఆకారంలో ఉండే స్క్విడ్ జిగ్, అంటే ముళ్ళున్న నకిలీ ఎర. 2.5 లేదా 3.0 సైజ్ చాలు, ఆరెంజ్ ఒకటి, పింక్ ఒకటి ఉంచుకోండి. జిగ్ తోక దగ్గర ముళ్ళు పైకి తిరిగి ఉంటాయి, వాటికి బార్బ్ (జారిపోకుండా ఆపే వెనక్కి తిరిగిన చిన్న మొన) ఉండదు, ఇది గుర్తుపెట్టుకోండి.

హార్బర్ లైట్ గాని, పడవ లైట్ గాని పడే చోట నీళ్ళు చూస్తే చిన్న చేపలు గుంపుగా తిరగతా ఉంటాయి. స్క్విడ్ ఆ వెలుగు నడిమధ్యలో ఉండదు, వెలుగు అయిపోయి చీకటి మొదలయ్యే గీత దగ్గర కాచుకోనుంటాది, కాబట్టి గీత దాటి చీకట్లోకి విసిరి వెలుగులోకి లాక్కురండి. మీ హెడ్‌ల్యాంప్ మాత్రం నీళ్ళ మీద కొట్టొద్దు. విసిరినాక జిగ్ కిందికి దిగేదాకా ఆగండి, అడుగు తగిలినట్టు లైన్ వదులైతే రాడ్‌తో రెండుసార్లు పైకి లేపి మళ్ళ దిగనీయండి. దిగేటప్పుడే ఎక్కువ పట్టుకుంటాది, అందుకని అప్పుడు కళ్ళు లైన్ మీదే ఉండాల, లైన్ పక్కకి జరిగినా, దిగతా దిగతా మధ్యలో ఆగిపోయినా అది స్క్విడ్డే.

ఇక్కడే మనోళ్ళకి చెరువు అలవాటు అడ్డం వస్తాది. చెరువులో బెండు మునగ్గానే గట్టిగా గుంజుతాం కదా, స్క్విడ్‌ని అట్ల గుంజితే దాని రెండు పొడుగు చేతులు తెగి జిగ్‌కే ఉండిపోతాయి, మిగతాది పారిపోతాది. రాడ్ మెల్లగా లేపండి, రీల్ డ్రాగ్ (గుంజితే దారం వదిలే బిగింపు) వదులుగా పెట్టి ఒకే వేగంతో చుట్టండి, అది వెనక్కి పోతుంటే పోనీయండి, కానీ లైన్ మాత్రం ఒక్క క్షణం కూడా వదులు కాకూడదు, బార్బ్ లేదు కాబట్టి వదులైతే జారిపోతాది.

ఒడ్డు దగ్గరికి వచ్చినాక వెంటనే పైకి ఎత్తొద్దు, నీళ్ళలోనే సిరా చిమ్మనీయండి, తర్వాత చేతి వలతో తోక వైపు నుంచి తీయండి. మొండెం పట్టుకోండి, దాని చేతుల మధ్యలో చిలక ముక్కు లాంటి నోరు ఉంటాది, కొరికితే రక్తమే.

బతికున్నది కావాలంటే బకెట్లో సముద్రం నీళ్ళు, బ్యాటరీ ఎయిర్ పంప్ ఉండాల, సిరా వదిలితే నీళ్ళు మార్చాల. లేదంటే కళ్ళ మధ్యలో కత్తి మొనతో గుచ్చితే వెంటనే ఒళ్ళు తెల్లబడి చచ్చిపోతాది, కొట్టుకుంటా చావనీయొద్దు. కవర్లో వేసి మూతి కట్టి ఐస్‌లో పెట్టండి, కరిగిన ఐస్ నీళ్ళు తగిలితే కండ పాడైపోతాది.

కోసేటప్పుడు మొండెం నిలువునా చీల్చి లోపలి గాజు పుల్లలాంటిది, పేగులు తీసేయండి, తోలు ఉండనీయండి. వేలు వెడల్పున, ఒక కొస సన్నగా వచ్చేట్టు కోసి, వెడల్పు కొసలోనే గాలం గుచ్చండి, మొన బయటికి కనపడాల. నడిమధ్యలో గుచ్చితే ముక్క గిరగిరా తిరిగి లైన్ మెలికలు పడతాది. తలకాయ పారేయొద్దు, పెద్ద గాలానికి అదే బెస్ట్. మిగిలిన ముక్కలకి రాళ్ళ ఉప్పు పట్టించి, కారిన నీళ్ళు వంచేసి, ఒక్కో ట్రిప్పుకి సరిపడా కవర్లు కట్టి ఫ్రీజర్లో పెడితే మళ్ళ పోయేటప్పటికి ఎర రెడీ.