'నెట్‌వర్క్ పాత్ నాట్ ఫౌండ్' అనగానే ఫార్మాట్ కొట్టేయకండి

"నిన్నటిదాకా ఓపెన్ అయ్యింది మామయ్యా, ఈరోజు నెట్‌వర్క్ పాత్ నాట్ ఫౌండ్ అంటోంది" అని ఫోన్ వచ్చిందంటే అవతల ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక డీటీపీ షాపు, రెండు మూడు కంప్యూటర్లు, మధ్యలో షేర్ చేసుకున్న ఒక ఫోల్డరు, ముహూర్తం దగ్గరపడిన పెళ్లికార్డు ఒకటి ఉన్నట్టే. ఆ టెన్షన్‌లో ఒకరు బయటి కనెక్షన్లకి కాపలా కాసే ఫైర్‌వాల్‌ని మొత్తం ఆపేయమంటారు, ఇంకొకరు విండోస్ ఫార్మాట్ కొట్టేయమంటారు. రెండూ వద్దు. కనెక్షన్ ఆగడానికి చోట్లు ఐదే: లైను లేకపోవడం, అవతలి సిస్టమ్ పేరు దొరక్కపోవడం, పోర్టు (కనెక్షన్ లోపలికి వచ్చే నంబరు తలుపు) మూసి ఉండడం, పాస్‌వర్డ్ ఒప్పుకోకపోవడం, లోపలికి వెళ్లాక ఫోల్డర్‌కి అనుమతి లేకపోవడం. ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా సెట్టింగులు కెలికితే ఉన్న తప్పు ఉన్నట్టే ఉంటుంది, పైగా కొత్తవి రెండు చేరతాయి. అందుకే ఈ వరసలోనే వెళ్లండి. ఫోల్డర్ ఉన్నదాన్ని మెయిన్ సిస్టమ్ అంటాను.

ముందు రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా చూడండి. రెండింట్లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే ఐపీవీ4 అడ్రస్ అని ఒక లైను కనిపిస్తుంది, నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ నంబరు, అంటే ఐపీ, అదే. ఒకదాంట్లో 192.168.1.10, ఇంకోదాంట్లో 192.168.1.20 లాగా చివరి చుక్క తర్వాతి నంబరు తప్ప మిగతాదంతా కలిస్తే ఇక్కడివరకు బాగానే ఉన్నట్టు. ఒకటి 192.168.1తో, రెండోది 192.168.43తో మొదలైతే మాత్రం రెండూ వేరువేరు చోట్ల కనెక్ట్ అయి ఉన్నాయి. మా వైపు ఇది ఎక్కువగా ఎలా జరుగుతుందంటే, కరెంటు పోతుంది, సిస్టమ్‌లు ఇన్వర్టర్ మీద నడుస్తూ ఉంటాయి, రూటర్ మాత్రం మామూలు ప్లగ్గులో ఉండడం వల్ల ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ ఎప్పుడో ఒకసారి వాడిన ఫోన్ హాట్‌స్పాట్‌ని పట్టేసుకుని కరెంటు వచ్చాక కూడా వదలదు. ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రూటర్ని కూడా ఇన్వర్టర్ లైనులో పెట్టిస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందనే లేదని, విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు కేబుల్, స్విచ్, రూటర్ చూడండి, పాస్‌వర్డుల జోలికి పోకండి. కస్టమర్ల కోసం పెట్టిన గెస్ట్ వైఫైకి షాపు సిస్టమ్ కనెక్ట్ అయి ఉన్నా పక్క సిస్టమ్ కనిపించదు. గెస్ట్ వైఫై పెట్టేదే అందుకు.

కేబుల్‌ది ఇంకో కథ. వెనక గదికి లాగిన వైరుని ఎలక కొరికినంత మాత్రాన కనెక్షన్ పూర్తిగా పోవాలని లేదు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడుకి కేబుల్‌లోని నాలుగు జతల వైర్లూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. అందుకే ఒక జత తెగినా చాలాసార్లు లింకు 100కి పడిపోయి నడుస్తూనే ఉంటుంది, మనం ఏమో సిస్టమ్ స్లో అయిపోయిందనుకుని ర్యామ్ కొంటాం. 40 జీబీ పెళ్లి వీడియో గిగాబిట్‌లో ఆరేడు నిమిషాల్లో కాపీ అయ్యేది, 100లో దాదాపు గంట పడుతుంది. సెట్టింగ్స్‌లో ఎథర్నెట్ ప్రాపర్టీస్ తెరిచి లింక్ స్పీడ్ దగ్గర 100 అని ఉంటే, రెండు చివర్లా జాక్ కత్తిరించి కొత్తది బిగించండి. అప్పటికీ రాకపోతే వైరే మార్చాలి.

పేరు సంగతి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ అనే చోట మెయిన్ సిస్టమ్ కనిపించకపోతే కనెక్షన్ పోయినట్టు కాదు, ఆ లిస్టుని అంతగా నమ్మనక్కర్లేదు. పైన అడ్రస్ బార్‌లో \\192.168.1.20 అని మెయిన్ సిస్టమ్ ఐపీ నేరుగా కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకుంటే లోపం పేరు దగ్గరే. మెయిన్ సిస్టమ్‌లో సర్వీసెస్ తెరిచి ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్, ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే రెండింటినీ ఆటోమేటిక్‌లో పెడితే లిస్టులోకి మళ్లీ వస్తుంది. నా మటుకు నేను పేర్లతో పనే పెట్టుకోను, రూటర్‌లో మెయిన్ సిస్టమ్‌కి ఒక ఐపీని రిజర్వ్ చేసి, డెస్క్‌టాప్ మీద ఆ ఐపీతోనే షార్ట్‌కట్ పెడతాను. రిజర్వ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు నంబర్లు మారిపోయే అవకాశం ఉంది, అప్పుడు "నిన్నటిదాకా ఓపెన్ అయ్యింది" కథ మళ్లీ మొదలు.

ఐపీతో కూడా తెరుచుకోకపోతే పోర్టు చూడాలి. ఫైల్ షేరింగ్ నడిచేది 445 మీద, దూరం నుంచి ఇంకో సిస్టమ్‌ని నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ 3389 మీద. అవతలి సిస్టమ్ పలుకుతుందా అని చూసే పింగ్ కొట్టి జవాబు రాలేదని కంగారుపడకండి, ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపి కూడా షేరింగ్‌ని వదలొచ్చు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కి మెయిన్ సిస్టమ్ ఐపీ, పోర్ట్ 445 ఇచ్చి (Test-NetConnection 192.168.1.20 -Port 445) చూస్తే చివరి లైనులో ట్రూ అనో ఫాల్స్ అనో తేల్చి చెబుతుంది. ట్రూ వస్తే ఫైర్‌వాల్‌ని ఇంక తిట్టకండి, లోపం పాస్‌వర్డ్ దగ్గరో అనుమతి దగ్గరో ఉంది. ఫాల్స్ వస్తే మెయిన్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. చాలాసార్లు అది పబ్లిక్‌లో ఉంటుంది. రూటర్ మార్చినా, కొత్త వైఫైకి కనెక్ట్ అయినా విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా లెక్కేసి పబ్లిక్‌లో పెట్టేస్తుంది, పబ్లిక్‌లో షేరింగ్ మూసేస్తుంది. ప్రైవేట్‌కి మార్చి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే విడిగా కొన్న యాంటీవైరస్ ఉందేమో చూడండి, వాటికి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, విండోస్‌లో మనం ఎన్ని మార్చినా దానికి పట్టదు.

ఇక పాస్‌వర్డ్ దగ్గరికి వద్దాం, ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మామూలు ఎర్రర్ బాక్సు సరిగ్గా ఏమీ చెప్పదు కాబట్టి కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ (net use) కమాండ్‌తో ఫోల్డర్‌ని కనెక్ట్ చేసి చూడండి, అది నంబర్ ఇస్తుంది. 53 వస్తే అసలు దారే దొరకలేదు, పైకి వెళ్లి మళ్లీ చూడండి. 67 అంటే సిస్టమ్ వరకు వెళ్లింది గానీ షేర్ పేరు తప్పు, చాలామంది ఫోల్డర్ పేరు మార్చి షేర్ పేరు మర్చిపోతారు. 1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. 5 అంటే లోపలికి రానిచ్చింది, ఫోల్డర్‌కి అనుమతి లేదు. 1219 అంటే అదే సిస్టమ్‌కి ఇంతకుముందే ఇంకో యూజర్ పేరుతో కనెక్ట్ అయి ఉన్నారు. నెట్ యూజ్‌కి స్టార్, స్లాష్ డిలీట్ తగిలించి (net use * /delete) పాత కనెక్షన్లన్నీ తెంపేసి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచుకున్న పాత పాస్‌వర్డ్ కూడా తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

1326 వచ్చిందంటే నిజంగా పాస్‌వర్డ్ తప్పే అయ్యుండాలని లేదు. రోజూ పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్లు ఆ పిన్నే ఇక్కడా కొడతారు, నెట్‌వర్క్‌లో పిన్ చెల్లదు, అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసిన యూజర్‌నీ విండోస్ బయటి నుంచి రానివ్వదు. మా షాపుల్లో ఇంకో గొడవ ఉంది. కార్డు సగం తెలుగులో, సగం ఒడియాలో కంపోజ్ చేస్తూ చేస్తూ కీబోర్డ్ ఒడియాలోనే వదిలేసి పాస్‌వర్డ్ బాక్సులోకి వస్తారు, కొట్టినవన్నీ చుక్కలుగా కనిపిస్తాయి కాబట్టి ఏ భాషలో పడుతున్నాయో తెలియదు. టాస్క్‌బార్ మూల ఒక్కసారి చూసి ఇంగ్లీషులోకి మార్చి కొట్టండి. వీటన్నిటికీ నేను చేసేది ఒక్కటే, మెయిన్ సిస్టమ్‌లో షేరింగ్ కోసమే వేరే లోకల్ యూజర్‌ని, గట్టి పాస్‌వర్డ్‌తో తయారుచేసి, మిగతా సిస్టమ్‌లన్నింటిలో సిస్టమ్ పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్ పేరు అనే పద్ధతిలో అదే ఇస్తాను. మైక్రోసాఫ్ట్ అకౌంట్ల తలనొప్పి అక్కడితో పోతుంది.

పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరుచుకునే పాత షేర్లు, ముఖ్యంగా రూటర్‌కి తగిలించిన హార్డ్ డిస్కులు, విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే వర్షన్‌కి మారాక ఆగిపోతే ఆశ్చర్యపోకండి. అందులో గెస్ట్ లాగిన్ మూసేశారు, ప్రతి మాటకీ డిజిటల్ సంతకం అడగడం మొదలుపెట్టారు. ఆ డిస్కులో ఒక యూజర్ని, పాస్‌వర్డ్‌ని పెట్టుకోవడమే మంచి దారి. పాత జెరాక్స్ మిషన్లలో స్కాన్ చేసింది ఫోల్డర్‌లోకి రాకపోవడానికి కారణం ఇంకోటి: వాటికి తెలిసింది ఎస్‌ఎంబీ1 అనే పాత షేరింగ్ పద్ధతి ఒక్కటే, 2017లో వానాక్రై అనే వైరస్ దాన్ని పట్టుకునే ఊళ్లకు ఊళ్లు తిరిగింది, ఆ ఏడాది చివరి నుంచి కొత్త విండోస్‌లో అది పెట్టకుండానే ఇస్తున్నారు. మళ్లీ ఆన్ చేయమని చాలామంది చెబుతారు, నేను చెప్పను. మిషన్‌లో ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి ఎఫ్‌టీపీ ఉంటే అది వాడండి, లేకపోతే పెన్‌డ్రైవ్.

ఒక సిస్టమ్‌లో విండోస్ చక్కగా సెట్ చేసుకుని, అదే డిస్కుని కాపీ కొట్టి మిగతా సిస్టమ్‌లకి వేసే అలవాటు ఉందా? అలా చేసిన వాటికి లోపలి గుర్తింపు నంబర్ ఒకటే ఉంటుంది. ఇన్నాళ్లూ చెల్లింది. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లతో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 ఆ నంబర్ చూసి, పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ ఫెయిల్ అంటున్నాయి, ఫైల్ షేరింగ్‌కీ రిమోట్ డెస్క్‌టాప్‌కీ కూడా. ఇంత రాసినా ఫార్మాట్ కొట్టక తప్పని సందర్భం ఇదొక్కటే, కాపీ కొట్టిన సిస్టమ్‌లో విండోస్ కొత్తగా వేయాలి.

అనుమతులు ఎక్కువ చెప్పను. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి ఉంటాయి, రెండింట్లో ఏది తక్కువిస్తే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చి సెక్యూరిటీలో ఆ యూజర్‌ని చేర్చకపోతే 5 వస్తూనే ఉంటుంది. ఇంకొకటి, ఫైల్ తెరుచుకుని అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తే అది నెట్‌వర్క్ పని కాదు, ఆ సిస్టమ్‌లో అను ఫాంట్లు గానీ ఆకృతి ఫాంట్లు గానీ లేవు.

ఊరికీ ఊరికీ మధ్య కనెక్షన్ వేరే పంచాయితీ. షాపు పర్లాకిమిడిలో, ఇల్లు పాతపట్నంలో అనుకోండి, బండి మీద వెళ్లొచ్చే దూరమే గానీ నెట్‌వర్క్‌కి అది దూరదేశం. షాపులో మొబైల్ సిమ్‌తో నడిచే రూటర్ ఉంటే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని రూటర్ లోపలి సిస్టమ్‌కి పంపేలా పెట్టడం) చేసి ప్రయోజనం ఉండదని ముందే అనుకోండి. రూటర్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రూటర్‌కి ఇచ్చిన నంబరు) అని ఉన్నది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, లేదా గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికితే కనిపించేదానితో కలవకపోతే, కంపెనీ చాలామంది కస్టమర్లని ఒకే ఐపీ వెనక పెట్టిందన్నమాట, బయటి నుంచి మీ రూటర్‌కి నేరుగా రావడానికి దారి లేదు. ఉన్నా కూడా 3389ని ఇంటర్నెట్‌కి తెరవకండి, పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు రాత్రీపగలూ ఆ తలుపు కొడుతూనే ఉంటాయి, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే ర్యాన్సమ్‌వేర్ దూరే దారుల్లో అదొకటి. దూరంగా ఉన్న సిస్టమ్‌లని ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపే టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాంని రెండు చోట్లా వేసుకుంటే అది ఇచ్చే ఐపీతో ఫోల్డరూ తెరుచుకుంటుంది, రిమోట్ డెస్క్‌టాపూ పనిచేస్తుంది. అది ఇచ్చేవీ 100తో మొదలయ్యే నంబర్లే, పైన చెప్పిన వాన్ ఐపీతో కలిపేసుకోకండి. స్క్రీన్ చూస్తే చాలనుకుంటే ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఏదైనా సరే, కానీ వాటిని మెయిన్ సిస్టమ్‌లో సరిగ్గా ఇన్‌స్టాల్ చేయండి. ఊరికే డబుల్ క్లిక్ చేసి నడిపిస్తే అడ్మిన్ అనుమతి అడిగే బాక్సు వచ్చినప్పుడు మీ వైపు స్క్రీన్ బిగుసుకుపోతుంది, అక్కడ ఎవరో యెస్ నొక్కేదాకా అంతే.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో మొదట చూడాల్సింది ఎడిషన్. హోమ్ ఎడిషన్ ఉన్న సిస్టమ్‌లోకి బయటి నుంచి వెళ్లలేం, అందులోంచి ఇంకోదాంట్లోకి వెళ్లొచ్చు. ప్రోలో ఒకేసారి ఒక్కరికే చోటు, మీరు ఇంటి నుంచి లాగిన్ అవగానే షాపులో కుర్రాడి స్క్రీన్ లాక్ అవుతుంది, వాడు మళ్లీ లాగిన్ అయితే మీరు బయటపడతారు, ఇద్దరూ లైన్ పోయిందనుకుంటారు. సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్స్‌లో నెవర్ పెట్టండి, కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) మార్చుకోండి. తేదీ, టైము తేడా ఉందని ఎర్రర్ వస్తే అది నిజమే చెబుతోంది, పాత డెస్క్‌టాప్‌లో సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. కొత్త సెల్ చాలా చవక.

ఎవరో ఫోన్ చేసి హిందీలోనో తెలుగులోనో బ్యాంకు నుంచి అని చెప్పి ఇవే యాప్‌లు వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు ఎనీడెస్క్‌తో జరిగే మోసాల మీద హెచ్చరిక ఇచ్చింది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇవన్నీ చూసినా కనెక్ట్ కాకపోతే ఎవరినైనా అడిగే ముందు రెండు సిస్టమ్‌ల ఐపీకాన్ఫిగ్ ఫొటో, విండోస్ ఎడిషన్, 445 పరీక్షలో ట్రూనా ఫాల్సా, నెట్ యూజ్ ఇచ్చిన నంబరు పంపండి. "రావట్లేదు" అని ఒక్క మాట పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు.