స్ప్రే పెయింటు: గాలి, కాలువ పాడవకుండా వాడే పద్ధతి

డబ్బా మీద ‘సీఎఫ్‌సీ లేదు’ అని ఉంటే హానే లేదనుకోకండి. 1987 మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని ఓజోన్ పొరను తినేసే ఆ వాయువులు పోయాయి. ఇప్పుడు రంగును బయటికి తోసేది ఎక్కువగా ప్రొపేన్, బ్యూటేన్, అంటే వంటగ్యాసే. దానికి తోడు ఎసిటోన్, జైలీన్ లాంటి ద్రావకాలు. డబ్బాలో సగానికి పైగా ఇలా ఆవిరైపోయేదే. ఆ ఆవిర్లు, బళ్ల పొగ ఎండలో కలిస్తే నేలమట్టంలో ఓజోన్ పుడుతుంది. అది ఊపిరితిత్తులకు చేటు.

అందుకే గేటు, తలుపు లాంటి వెడల్పాటి వాటికి బ్రష్షు, నీళ్లతో కలిపే ఎనామిల్ చాలు. బ్రష్షు దూరని గ్రిల్ పువ్వులకు, ఫ్యాను జాలీకే స్ప్రే.

కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది. వైరు బ్రష్షుతో, 120 నంబరు సాండ్ పేపరుతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, ప్రైమర్ వేయండి. తుప్పు మీదే కొడితే రంగు పొరలుగా లేచి, మళ్లీ ఇంకో డబ్బా కొనాలి. మంచు ఆరాక, సముద్రపు గాలి లేవకముందే పని ముగించండి. చెమ్మలో కొడితే రంగు తెల్లగా పాలిపోతుంది. గాలిలో కొడితే సగం పక్కింటి గోడకే.

వెనక, కింద అట్టలు పెట్టండి. డబ్బా లోపలి గోలీ కదిలాక నిమిషం పాటు ఊపి, 20-25 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా మూడు పూతలు, మధ్యలో పది నిమిషాలు ఆగుతూ వేయండి. దగ్గరైతే కారుతుంది. దూరమైతే తుంపర దారిలోనే ఆరి పొడిలా రాలుతుంది. గుడ్డ మాస్కు ఆవిర్లను ఆపదు, బొగ్గు ఫిల్టరున్నది కావాలి. గ్యాసు గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. కాబట్టి గదిలో వద్దు, పొయ్యి దగ్గర అసలే వద్దు.

పనయ్యాక డబ్బా తలకిందులు చేసి, ఉత్త గ్యాసు వచ్చేదాకా రెండు మూడు సెకన్లు నొక్కితే నాజిల్ మూసుకుపోదు. నాజిల్ కడిగిన థిన్నర్ కాలువలో పోయకండి. నాగావళి ఒడ్డు వీధుల్లో అది నదికే చేరుతుంది. సీసాలో మూతపెట్టి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైతేట మళ్లీ పనికొస్తుంది.

ఖాళీ డబ్బాను భోగిమంటలో వేయడం అన్నిటికన్నా ప్రమాదం. 50 డిగ్రీలు దాటితే చాలు, పేలొచ్చు, చుట్టూ పిల్లలుంటారు. మేకుతో పొడవొద్దు. చెత్తబండికి విడిగా, ప్రమాదకర చెత్తగా చెప్పి ఇవ్వండి. పాత ఇనుము కొట్లో వేస్తే లోపల గ్యాసు మిగిలి ఉంటుందని ముందే చెప్పండి, లేకపోతే వాళ్లు తెలియక సుత్తితో చదును చేస్తారు.