తలనొప్పి దాచుకోవద్దు: మనాలి, రిషికేశ్ పోతున్న కడప పిల్లలకు జాగ్రత్తలు

ఈ అక్టోబర్లో మన కడప నుంచి పదకొండు మంది బయల్దేరుతున్నారు. ముందు మనాలి దగ్గర ఫ్రెండ్‌షిప్ పీక్, 5,289 మీటర్లు, అది దిగాక రిషికేశ్‌లో గంగ మీద రెండు రోజులు రాఫ్టింగ్. అందరూ పద్దెనిమిది నుంచి ఇరవై మూడు లోపు వాళ్లే. గ్రూపులో చూస్తే రోజూ జాకెట్ల ఫొటోలు, రీల్స్ తప్ప పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మనకు కాస్త పొగరుంటుంది. మే నెల ఎండలో మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడినోళ్లం, పాలకొండలు ఎక్కి దిగినోళ్లం, మనకు కొండ కొత్తా అని. ఆ గట్టితనం నిజమే, కాళ్లకు పనికొస్తుంది. ఊపిరికి పనికిరాదు. కడప ఉండేది సముద్రమట్టానికి నూట నలభై మీటర్ల ఎత్తులో, మీరు పోయే శిఖరం మీద గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు పడుతుంది, జిమ్ములో ఎన్ని కిలోలు ఎత్తారన్న లెక్క అక్కడ నడవదు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు: తలనొప్పి, కడుపులో తిప్పడం, తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం. నేను చూసినంతలో బాగా ఫిట్‌గా ఉండేవాళ్లే ముందు ఉరికి ముందు కూలబడతారు.

నా సంగతే చెప్తా. మొదటిసారి పోయినప్పుడు 3,800 మీటర్ల క్యాంపులో రాత్రంతా తల పగిలిపోయింది. పక్కన పడుకున్నవాడు అడిగితే 'ఏం లేదు మామా, నిద్ర చాల్లేదు' అన్నా. మనోళ్ల ముందు తగ్గుతామా మరి. తెల్లారి బూటు లేసు కట్టుకుందామని కూర్చున్నా, ముడి ఎట్లా వేయాలో గుర్తు రాలేదు. రెండు కొసలూ చేతిలో పట్టుకుని వాటి వంకే చూస్తా ఉన్నానంట. గైడ్ వచ్చి ఏమీ అడగలేదు, కర్రతో నేల మీద ఒక గీత గీసి, ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ దాని మీద నడవమన్నాడు. నాలుగో అడుగుకే పక్కకు తూలిపోయా. నా బ్యాగు ఇంకొకరికిచ్చి, టీ కూడా తాగనీయకుండా కిందికి నడిపించాడు. ఏడెనిమిది వందల మీటర్లు దిగేసరికి ఆకలేసింది, అప్పుడు గానీ బతికానని అనిపించలేదు.

ఆ గీత పరీక్ష మీరూ నేర్చుకోండి. తూలడం, మాట తడబడటం, తిక్కతిక్కగా మాట్లాడటం ఉంటే మెదడు వాస్తోందని అర్థం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, దగ్గితే నురగ రావడం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని. ఈ రెండింటికీ మొదటి మందు కిందికి దిగడమే, అర్ధరాత్రయినా సరే, పక్కన ఒక మనిషిని తోడిచ్చి. ఉత్త తలనొప్పే అయితే దిగక్కర్లేదు గానీ, తగ్గేదాకా ఇంకా పైకి పోకూడదు.

మీ ఐటినరరీ తీసి ఒకసారి చూడండి. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి దానికంటే 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి పైకెక్కకుండా ఆగే రోజు ఉండాలి. లేకపోతే ఆపరేటర్‌కి ఫోన్ చేసి అడగండి. 'ఏం కాదు సార్, అందరూ ఇట్లాగే పోతారు' అనేవాడైతే ఇంకొకర్ని చూసుకోండి, అడ్వాన్స్ పోతే పోయింది. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేందుకు వేసుకునే డయామాక్స్ మాత్ర మెడికల్ షాపులో అడిగి మింగేది కాదు, డాక్టర్‌ని కలవండి, సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. అది వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ ఒంటేలుకు పోవాల్సి వస్తుంది, భయపడొద్దు. మద్యం, నిద్రమాత్రలు మాత్రం అక్కడ ముట్టుకోవద్దు. ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఉంటే దాచకుండా గైడ్‌కు చెప్పండి.

చలికి జీన్స్, కాటన్ బనీన్లు వద్దు. చెమటకు తడిసిన కాటన్ ఆరదు, ఒంట్లో వేడి అంతా లాగేస్తుంది. లోపల సింథటిక్ గానీ ఉన్ని గానీ, దాని మీద ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే జాకెట్. ఫోన్, పవర్ బ్యాంక్ రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీతోపాటే పెట్టుకోండి. నల్ల కళ్లద్దాలు స్టైలుకు కాదు, మంచు మీద ఎండకు ఒక్కరోజులో కళ్లు మండి చూపు ఆడకుండా పోతుంది. మంచు మీద జారకుండా బూట్ల కింద మేకులుండే క్రాంపాన్లు తగిలించుకున్నాక కాళ్లు ఎడంగా వేసి నడవాలి, లేకుంటే ఆ మేకులు రెండో కాలి ప్యాంటుకే తగులుకుని బోర్లా పడతారు. జారితే ఐస్ యాక్స్‌తో, అంటే మంచులో గుచ్చే గొడ్డలితో, ఆగడం కింద వాలు మీద పది సార్లు ప్రాక్టీస్ చేయించమని గట్టిగా అడగండి. శిఖరానికి అర్ధరాత్రి దాటాక బయల్దేరదీస్తారు, ఎండెక్కితే మంచు మెత్తబడుతుంది కాబట్టి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో టెంటులోనే అనుకోండి, శిఖరం కనిపిస్తున్నా సరే ఆ టైముకు తిరగాల్సిందే. మన పక్క జిల్లా నెల్లూరు మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోనూ అన్నిటికంటే ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కినాయన, అంతటాయనే 2015లో దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో ఒంటరిగా పోయి ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఇక నది. బెండు కట్టుకుని బాయిలో ఈత నేర్చినోళ్లు, కేసీ కెనాల్‌లో దూకినోళ్లు మీలో ఉన్నారు. గంగ అట్లా ఉండదు. మంచు కరిగి వచ్చే నీళ్లు, పడగానే గుండె జల్లుమని నోరు తెరుచుకుంటుంది, అప్పుడే నీళ్లు మింగుతారు. ర్యాపిడ్‌లో, అంటే నది రాళ్ల మీద ఉరికే చోట, నురగ నీళ్లు మనిషిని మామూలు నీళ్లలా తేల్చవు. కాబట్టి లైఫ్ జాకెట్ బిగుతుగా ఉండాలి: పక్కవాణ్ని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి, గడ్డం దాటి పైకొస్తే వదులుగా ఉన్నట్టే. తెడ్డు పైకొసను చెయ్యి వదలకూడదు, అది ఎగిరి పక్కవాడి పళ్లు రాలగొడుతుంది. పడిపోతే వెల్లకిలా తిరిగి, కాళ్లు నది పోయే వైపు చాపి, పాదాలు పైకి తేల్చి పోండి. నిలబడాలని చూడొద్దు, రాళ్ల సందున పాదం ఇరుక్కుందంటే వెనక నీళ్లు ముంచేస్తాయి. తాడు విసిరితే భుజం మీదుగా రెండు చేతులతో పట్టుకోండి, మణికట్టుకు చుట్టుకోవద్దు. పడవ తిరగబడి మీరు దాని కింద ఇరుక్కుంటే చేతులు పైకి ఆనించి ఒకే దిక్కుకు నెట్టుకుంటూ బయటకు రండి. మొదటి రోజు శివపురి నుంచి రిషికేశ్ దాకా ఉన్న పదహారు కిలోమీటర్లు చాలు, పైన కౌడియాలా నుంచి దిగితే 'ద వాల్' లాంటి గట్టి ర్యాపిడ్లు తగులుతాయి, అవి రెండో రోజు గైడ్ ఒప్పుకుంటేనే.

పడవలో ఇంత జాగ్రత్తగా ఉండి, దారిలో ఫొటో కోసం ఏటిలోకి దిగుతారేమోనని నా భయం. 2014 జూన్ 8న మనాలి దారిలోనే, మండి జిల్లాలో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, వాళ్లకు తెలిసేసరికి ఒడ్డుకు రావడానికి టైము లేదు. ఆ దారిలో బస్సు ఎక్కడ ఆపినా ఒడ్డు మీదే ఉండండి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుందో చదవండి, చాలావాటికి హద్దు ఉంటుంది. ఇంట్లో నంబర్లు, బ్లడ్ గ్రూపు ఒక కాగితం మీద రాసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. ఆడపిల్లలు ప్యాడ్లు ఎక్కువే తీసుకోండి, ఎత్తుకు డేట్లు అటూఇటూ కావచ్చు, వాడినవి కవర్లో కిందికి తెచ్చేయాలి. అమ్మ కట్టిచ్చే చెనక్కాయ ఉంటలు వద్దనొద్దు, పైన బిస్కెట్ సయించనప్పుడు అవే దిగుతాయి.

ఆదివారం పొద్దున ఐదున్నరకు పాలకొండల కింద కలుద్దాం. బ్యాగులో పది కిలోల బియ్యం వేసుకుని రండి, కొత్త బూట్లు కొనుంటే అవే తొడుక్కుని రండి, బొబ్బలు ఎక్కడ లేస్తాయో ఇక్కడే తెలిసిపోవాలి.