న్యూజెర్సీ ఇంటి లాన్: చలికాలానికి ముందు జాగ్రత్తలు

అసలు నష్టం గడ్డితో కాదు, స్ప్రింక్లర్ పైపులతో. లోపల నీళ్లు మిగిలితే గడ్డకట్టి పైపుల్ని, వాల్వుల్ని పగలగొడతాయి. ఆ సంగతి వసంతంలో గానీ బయటపడదు. అందుకే ఆ నీళ్లను కంప్రెసర్ గాలితో బయటికి ఊదేయాలి.

- ముందు ఇంట్లో స్ప్రింక్లర్లకు నీళ్లిచ్చే వాల్వు కట్టేయండి. ఒక జోన్ (ఒకే వాల్వుతో నడిచే స్ప్రింక్లర్ల గుంపు) తెరిచాకే కంప్రెసర్ ఆన్ చేయండి.
- గాలి ఒత్తిడి పీవీసీ పైపులకు 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), నల్లటి పాలీ పైపులకు 50 దాటకూడదు.
- జోన్‌కు ఒకసారి 2 నిమిషాలు చాలు. మిగిలితే మళ్లీ ఇంకో విడత. నీళ్లయిపోయాక వట్టి గాలి తోలితే వేడికి లోపలి ప్లాస్టిక్ పాడవుతుంది.
- రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ హెడ్ల మీదికి వంగొద్దు.

ఎరువు: నవంబర్ 15 నుంచి మార్చి 1 దాకా ఇంటివాళ్లు వేయడం రాష్ట్ర చట్టం ప్రకారం నిషిద్ధం. అంతకుముందు వేసినా 1,000 చదరపు అడుగులకు నీటిలో కరిగే నత్రజని 0.7 పౌండు మించకూడదు. అంటే 25 శాతం నత్రజని, అంతా కరిగేదే ఉన్న సంచీ నుంచి 2.8 పౌండ్లే. మట్టి పరీక్ష లేకుండా ఫాస్ఫరస్ వద్దు.

చివరి కోత 2.5 అంగుళాల ఎత్తులో, కానీ ఒక్కసారే మూడో వంతుకు మించి కోయొద్దు. పొడవుగా వదిలేస్తే మంచు కింద వాలిపోయి బూజు పడుతుంది. ఎండుటాకులు పల్చగా ఉంటే మోవర్‌తోనే నుజ్జుచేయండి, దట్టంగా ఉంటే ఊడ్చేయండి.